అమెరికా కళాశాలల్లో ఆడపిల్లల ఆటలు: పగ్గాలు ఎవరి చేతుల్లో?

2025 జూన్ 6న కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి, కళాశాల క్రీడాకారులు వేసిన ‘హౌస్’ కేసులో కుదిరిన ఒప్పందానికి ఆమోదం తెలిపారు. దాంతో అమెరికా విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించే వీలు కలిగింది. 2025-26 విద్యా సంవత్సరంలో ఒక్కో విశ్వవిద్యాలయం సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చు. అందులో అమ్మాయిల వాటా ఎంత ఉండాలన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. విద్యలో లింగ వివక్షను నిషేధించే ‘టైటిల్ నైన్’ అనే సమానత్వ చట్టం దీనికి వర్తిస్తుందని కొందరు, వర్తించదని కొందరు వాదిస్తున్నారు. ఆ చట్టం పేరు విన్నవారిలో కూడా చాలామందికి అది ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో స్పష్టంగా తెలియదు. అమెరికాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు కుటుంబాలకూ ఇది దూరపు విషయం కాదు.

ఈ చిక్కు అర్థం కావాలంటే ముందు మరో ప్రశ్న వేసుకోవాలి. అమ్మాయిల ఆటల గురించి నిర్ణయాలు తీసుకునేది ఎవరు? ఒకప్పుడు ఆ నిర్ణయాలు పూర్తిగా మహిళల చేతుల్లో ఉండేవి. 1982లో అవి చేజారాయి. ఇప్పటి పంపకాల గొడవకు మూలం చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం.

కళాశాల ఆట అంటే అక్కడ ఏమిటి?

మన దేశంలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఎప్పుడు జరిగాయో ఆడినవాళ్లకు, వాళ్ల స్నేహితులకు తప్ప తెలియదు. అమెరికాలో పరిస్థితి వేరు. మిషిగన్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) మైదానంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. టీవీ ఒప్పందాలు వందల కోట్ల డాలర్లలో నడుస్తాయి. ఆటలో ప్రతిభ ఉంటే నాలుగేళ్ల చదువు స్కాలర్‌షిప్‌తో గడిచిపోతుంది.

ఈ వ్యవస్థలో పెద్ద నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ, అంటే జాతీయ కళాశాల క్రీడా సంఘం. ఫుట్‌బాల్‌లో గాయాలు, మరణాలు పెరిగిన నేపథ్యంలో 1906లో అది ఏర్పడింది. తరువాతి ఏడు దశాబ్దాల పాటు అది నడిపినవి పురుషుల పోటీలే. ఆ కాలంలో అమ్మాయిల ఆటలు ఇంకెక్కడో, ఇంకెవరి చేతుల్లోనో పెరిగాయి.

మగవాళ్లను బయట నిలబెట్టిన తొలి రోజులు

బాస్కెట్‌బాల్ పుట్టిన మరుసటి ఏడాదే, 1892లో, మసాచుసెట్స్‌లోని స్మిత్ కళాశాల వ్యాయామ ఉపాధ్యాయురాలు సెండా బెరెన్సన్ ఆ ఆటను తన విద్యార్థినులకు నేర్పించారు. అయితే నియమాలు మార్చారు. కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఆడాలన్నారు. ప్రత్యర్థి చేతిలోంచి బంతి లాక్కోకూడదన్నారు. 1893 మార్చిలో ఆ కళాశాల అమ్మాయిలు రెండు జట్లుగా ఆడినప్పుడు మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. 1896 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫోర్డ్, బర్క్‌లీ జట్లు తలపడినప్పుడూ అదే కట్టుబాటు. ఆ మ్యాచ్‌లో స్టాన్‌ఫోర్డ్ 2-1తో గెలిచింది.

ఈ ఆంక్షల వెనుక రెండు ఉద్దేశాలు కలిసి ఉన్నాయి. ఆడది సుకుమారి, ఎక్కువ శ్రమిస్తే ఆరోగ్యం చెడుతుందన్న ఆనాటి నమ్మకం ఒకటి. అమ్మాయిలను ప్రేక్షకుల వినోద వస్తువులుగా మార్చకూడదన్న పట్టుదల మరొకటి. మొదటిది కాలంతో పాటు పోయింది. రెండోది మాత్రం తరతరాల మహిళా వ్యాయామ ఉపాధ్యాయులకు సిద్ధాంతమై నిలిచింది.

1923లో ఆ సిద్ధాంతానికి సంస్థ రూపం వచ్చింది. తరువాత దేశ ప్రథమ మహిళ అయిన లూ హెన్రీ హూవర్ నాయకత్వంలో జాతీయ ఔత్సాహిక క్రీడా సమాఖ్యలో మహిళా విభాగం ఏర్పడింది. ప్రతి అమ్మాయికీ ఒక ఆట ఉండాలి, ప్రతి ఆటలోనూ అందరికీ చోటు ఉండాలి అన్నది వాళ్ల మాట. పది మంది మెరికలను ఏరి కప్పుల కోసం తిప్పడం కంటే, వంద మంది ఆడటం మేలని వాళ్లు గట్టిగా నమ్మారు. అలా ‘ప్లే డే’లు వచ్చాయి. నాలుగైదు కళాశాలల అమ్మాయిలు ఒకచోట చేరతారు. వారిని కలగలిపి జట్లు చేస్తారు. కాబట్టి ఏ కళాశాలా గెలవదు, ఏ కళాశాలా ఓడదు. ఆట అయ్యాక అందరూ కలిసి టీ తాగి ఇళ్లకు వెళతారు.

ఇందులో మంచి ఉంది, నష్టమూ ఉంది. గెలవాలన్న తపన ఉన్న అమ్మాయికి ఆ వ్యవస్థలో చోటు లేకపోయింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగు ముగిశాక కొందరు మహిళలు అలసి పడిపోయారన్న వార్తలు కథలు కథలుగా ప్రచారమయ్యాయి. 1960 వరకు మహిళలకు ఆ పరుగు మళ్లీ దక్కలేదు. 1932 ఒలింపిక్స్‌లో మహిళల పోటీలు వద్దని అర్జీ పెట్టిన వారిలో ఈ మహిళా విభాగం కూడా ఉంది.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు తరచు మరుగున పడే భాగం ఒకటుంది. నల్లజాతి కళాశాలలు ఈ పోటీ వ్యతిరేకతను పెద్దగా పట్టించుకోలేదు. అలబామాలోని టస్కీగీ 1930ల నుంచే మహిళల పరుగు పందాల్లో జాతీయ విజేతలను తయారుచేసింది. అక్కడ శిక్షణ పొందిన అలిస్ కోచ్‌మన్ 1948లో హైజంప్‌లో స్వర్ణం గెలిచి, ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. టెనెసీ స్టేట్ విద్యార్థిని విల్మా రుడాల్ఫ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు సాధించారు. ‘మహిళలే నడిపిన మహిళల ఆటలు’ అని గర్వంగా చెప్పుకునేటప్పుడు, ఆ మహిళలు ఎక్కువగా ఏ వర్గానికి చెందినవారో కూడా గుర్తుంచుకోవాలి.

ఏఐఏడబ్ల్యూ: తమ నియమాలు తామే రాసుకున్న పదేళ్లు

1960లకు గాలి మారింది. పోటీ కావాలని అమ్మాయిలే అడుగుతున్నారు. ఎన్‌సీఏఏ తన పోటీలు పురుషులకేనని చెప్పేసింది. అప్పుడు వ్యాయామ విద్యా సంఘంలోని మహిళా నేతలు ముందు ఒక కమిషన్‌ను, 1971లో ఏఐఏడబ్ల్యూను, అంటే మహిళల అంతర్ కళాశాల క్రీడా సంఘాన్ని స్థాపించారు. సుమారు 280 కళాశాలలతో మొదలై, పదేళ్లు తిరిగేసరికి సభ్యుల సంఖ్య 950 దాటింది.

ఈ సంఘం పురుషుల నమూనాను కావాలనే పక్కన పెట్టింది. ఆటగత్తెల కోసం కోచ్‌లు ఊరూరా తిరిగి ఇళ్ల తలుపులు తట్టడాన్ని నిషేధించింది. కళాశాల మారిన విద్యార్థిని వెంటనే కొత్త జట్టులో ఆడవచ్చంది. సంఘం కమిటీల్లో విద్యార్థినులకు చోటిచ్చింది. ఆరంభంలో క్రీడా స్కాలర్‌షిప్‌లను కూడా వద్దంది. డబ్బు తీసుకున్న పిల్ల, చదువు మాని ఆట మాత్రమే ఆడాల్సి వస్తుందని వాళ్ల భయం.

ఆ కాలం ఎలా ఉండేదో చెప్పడానికి ఇమాక్యులాటా కథ చాలు. ఫిలడెల్ఫియా దగ్గర ఉన్న ఈ చిన్న క్యాథలిక్ మహిళా కళాశాల, ఏఐఏడబ్ల్యూ బాస్కెట్‌బాల్ జాతీయ టైటిల్‌ను 1972, 1973, 1974లో వరుసగా గెలిచింది. మొదటి టోర్నమెంటుకు వెళ్లడానికి ఖర్చుల కోసం క్రీడాకారిణులు టూత్‌బ్రష్‌లు అమ్మారు. అందరికీ విమాన టికెట్లు కొనలేక ఎనిమిది మంది ఆటగత్తెలే వెళ్లారు. 1975లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ల మ్యాచ్‌కు 12,000 మంది వరకు వచ్చారు. ఆ స్థాయి కళాశాల ఇప్పుడు అగ్రశ్రేణి టైటిల్ గెలవడం ఊహకు కూడా అందదు.

స్కాలర్‌షిప్ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. 1973లో ఫ్లోరిడా టెన్నిస్ క్రీడాకారిణులు, వారి కోచ్‌లు కోర్టుకెక్కారు. అబ్బాయిలకు ఉన్న సాయం మాకెందుకు లేదన్నారు. జవాబు చెప్పుకోలేక సంఘం ఆ నియమాన్ని వదులుకుంది. ఇక్కడొక ఇరకాటం ఉంది. పురుషుల వ్యవస్థ చెడ్డదని నమ్మి వేరే దారి పట్టిన మహిళలకు, ‘సమానత్వం’ పేరుతో ఆ వ్యవస్థనే అనుసరించక తప్పలేదు. తరువాతి కథ అంతా ఈ ఇరకాటం చుట్టూనే తిరుగుతుంది.

టైటిల్ నైన్: ఆటల ఊసే లేని ఆటల చట్టం

1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా చట్ట సవరణల్లో తొమ్మిదో భాగమే టైటిల్ నైన్. ఆంగ్లంలో దాని మూల వాక్యం 37 పదాలు. ఫెడరల్ ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యా కార్యక్రమంలోనూ లింగం కారణంగా ఎవరినీ దూరం పెట్టకూడదు, వివక్ష చూపకూడదు అన్నది దాని సారాంశం. ఆ వాక్యంలో క్రీడల ప్రస్తావనే లేదు. ప్రతినిధుల సభలో ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్, సెనేట్‌లో బర్చ్ బే దీనికోసం పోరాడినప్పుడు వాళ్ల ముందున్న ప్రధాన సమస్య కళాశాల ప్రవేశాలు, ఉద్యోగాలు.

క్రీడలూ విద్యా కార్యక్రమమేనని అర్థమవగానే ఎన్‌సీఏఏ కంగారు పడింది. ఆదాయం తెచ్చే ఆటలను చట్టం నుంచి మినహాయించాలన్న సవరణ 1974లో వీగిపోయింది. 1975లో నిబంధనలు వచ్చాయి. 1976లో ఎన్‌సీఏఏ వాటిపై దావా వేసి విఫలమైంది.

1979లో ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆడే అవకాశాల విషయంలో మూడు దారుల్లో ఏ ఒక్కటి పాటించినా కళాశాల చట్టానికి లోబడినట్టే. అమ్మాయి విద్యార్థుల నిష్పత్తికి తగినట్టు క్రీడాకారిణుల సంఖ్య ఉండటం ఒక దారి. అమ్మాయిలకు అవకాశాలు పెంచుకుంటూ వస్తున్న చరిత్ర ఉండటం రెండోది. ఉన్న ఆసక్తికి, సామర్థ్యానికి తగిన జట్లన్నీ ఇప్పటికే ఉన్నాయని చూపించడం మూడోది.

మొదటి దారిని లెక్కలో చూద్దాం. ఒక కళాశాలలో 55 శాతం మంది అమ్మాయిలు అనుకుందాం. క్రీడాకారులు 500 మంది: 300 మంది అబ్బాయిలు, 200 మంది అమ్మాయిలు. అబ్బాయిలను తగ్గించకుండా నిష్పత్తి సాధించాలంటే అమ్మాయిల సంఖ్య 367కు చేరాలి, అంటే 167 కొత్త స్థానాలు కావాలి. పైసా ఖర్చు పెట్టకుండా సాధించాలంటే 136 మంది అబ్బాయిలను తీసేయాలి. మొత్తం 500 వద్దే ఉంచాలంటే అబ్బాయిల్లో 75 స్థానాలు తగ్గించి అమ్మాయిలకు ఇవ్వాలి. ఒక్క ఫుట్‌బాల్ జట్టులోనే 100 మందికి పైగా ఉంటారు, దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందుకే చాలాచోట్ల కుస్తీ, జిమ్నాస్టిక్స్ వంటి పురుషుల జట్లు రద్దయ్యాయి. జట్టు పోగొట్టుకున్న అబ్బాయిల బాధ నిజమైనదే. దానికి కారణం చట్టమా, ఫుట్‌బాల్‌కు పోతున్న డబ్బా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

1981: ఎన్‌సీఏఏ తలుపు తెరిచిన వేళ

కోర్టులో ఓడిన తరువాత ఎన్‌సీఏఏ వైఖరి మారింది. మహిళల ఆటలు ఇక ఆగవని తేలింది. 1980 జనవరిలో అగ్రశ్రేణికి దిగువన ఉన్న రెండో, మూడో స్థాయుల్లో మహిళల పోటీలు పెట్టాలని నిర్ణయించింది. 1981 జనవరిలో మయామీ బీచ్ సమావేశంలో అగ్రశ్రేణి స్థాయి పోటీల తీర్మానం వచ్చింది. తొలి ఓటింగులో ఇరుపక్షాలూ సమానం. మళ్లీ లెక్కిస్తే ఒక్క ఓటుతో ఓటమి. పునఃపరిశీలనకు పెట్టినప్పుడు గెలుపు.

ఆనాడు ఒక కళాశాల మహిళా క్రీడల డైరెక్టరు స్థానంలో ఉండి ఆలోచించండి. ఏఐఏడబ్ల్యూలో ఉంటే సభ్యత్వ రుసుము కట్టాలి, పన్నెండు మంది ఆటగత్తెలను దేశం ఆ చివరకు తీసుకెళ్లే ఖర్చు భరించాలి. ఎన్‌సీఏఏలోకి వస్తే మహిళల కోసం అదనపు రుసుము లేదు, జాతీయ పోటీలకు ప్రయాణ ఖర్చులు వాళ్లే ఇస్తారు, టీవీలో కనిపించే అవకాశం ఎక్కువ. 1985 దాకా పాత నియమాలనే పాటించవచ్చు కూడా. జట్టు మీద ప్రేమ ఉన్నవారు ఏమి చేస్తారు? చాలామంది బరువెక్కిన మనసుతోనే అటు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఎన్‌సీఏఏ వాదనలోనూ బలం ఉంది. ఒకే కళాశాలలో అబ్బాయిలకు ఒక రూల్‌బుక్, అమ్మాయిలకు మరొకటి ఉంటే సమానత్వ చట్టం కింద చిక్కులు తప్పవు. ఏఐఏడబ్ల్యూ నేతలు క్రిస్టీన్ గ్రాంట్, డొనా లోపియానో వంటివారు దీనికి బదులిచ్చారు: సమానంగా కలపడం వేరు, మింగేయడం వేరు. కొత్త ఏర్పాటులో పాలకవర్గ స్థానాల్లో మహిళలకు దక్కింది ఐదో వంతు కూడా లేదు. నిన్నటి వరకు నూటికి నూరుపాళ్లూ వాళ్లవే.

1982 మార్చి 28న చరిత్ర రెండు చోట్ల నడిచింది. వర్జీనియాలోని నార్ఫోక్‌లో తొలి ఎన్‌సీఏఏ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. లూసియానా టెక్ 76-62తో చేనీ స్టేట్‌ను ఓడించింది. అదే రోజు ఫిలడెల్ఫియాలో చివరి ఏఐఏడబ్ల్యూ ఫైనల్లో రట్గర్స్ 83-77తో టెక్సస్‌పై గెలిచింది. చేనీ స్టేట్ నల్లజాతి కళాశాల అని ఇక్కడ గమనించాలి. పాత సంస్థ పతనాన్ని అందరూ ఒకే కళ్లతో చూడలేదు.

సభ్యులు, టీవీ ఆదాయం చేజారిన ఏఐఏడబ్ల్యూ 1982 జూన్ 30న కార్యకలాపాలు ఆపేసింది. గుత్తాధిపత్యంతో తమను చంపేశారని వేసిన దావా 1983లో, అప్పీలు 1984లో వీగిపోయాయి.

పెరిగింది ఏమిటి, తరిగింది ఏమిటి

1971-72లో కళాశాల జట్లలో ఆడే అమ్మాయిలు సుమారు 30,000. ఇప్పుడు ఎన్‌సీఏఏ పోటీల్లోనే 2 లక్షలు దాటారు. ఇది కొండంత మార్పు. దీనికి ప్రధాన కారణం చట్టం.

తరిగిన వైపు చూస్తే, 1972కు ముందు మహిళల జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా మహిళలే. ఇటీవలి దశాబ్దాల్లో అది 40 శాతానికి కాస్త అటూ ఇటూ. నిందంతా 1982 విలీనం మీద వేయడం సరికాదు, ఎందుకంటే 1978 నాటికే అది 60 శాతం కిందకు దిగింది. చట్టం వల్ల జీతాలు పెరిగాయి. జీతం పెరిగిన ఉద్యోగానికి మగవాళ్లు వచ్చారు. రెండు క్రీడా విభాగాలను ఒకటి చేసినచోట పురుషుల డైరెక్టరు పెద్ద అధికారి అయ్యాడు, మహిళల డైరెక్టరు ఆయనకు సహాయకురాలైంది. ఉమ్మడి ఇంట్లో అన్నానికి లోటు లేకపోయినా తాళంచెవులు మాత్రం పాత యజమాని నడుముకే ఉన్నట్టయింది. ఎన్‌సీఏఏ సభ్యసంస్థల అధ్యక్ష పదవికి తొలి మహిళగా జూడీ స్వీట్ రావడానికి 1991 దాకా పట్టింది.

విద్యార్థి కళాశాల మారి వెంటనే ఆడే స్వేచ్ఛ గుర్తుందా? ఎన్‌సీఏఏలో అనేక క్రీడల్లో ఏడాది పాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. కోర్టుల ఒత్తిడితో 2024 ఏప్రిల్‌లో అది ఆ పరిమితిని ఎత్తేసింది. ఏఐఏడబ్ల్యూ 1970లలో చేసిన పనే అది.

మనకు దగ్గరి పోలిక

ఈ ప్రశ్న అమెరికాకే పరిమితం కాదు. 1973లో ఏర్పడిన భారత మహిళా క్రికెట్ సంఘం 2006లో బీసీసీఐలో కలిసింది. విడిగా ఉన్న రోజుల్లో డబ్బు లేదు, రైళ్లలో రిజర్వేషన్ లేని ప్రయాణాలు మామూలు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీ రాజ్ రెండు కాలాలూ చూశారు. విలీనం తరువాత సౌకర్యాలు మెరుగయ్యాయి. కానీ 2006 ఆగస్టు తరువాత మన మహిళలు మరో టెస్టు ఆడటానికి 2014 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. వార్షిక కాంట్రాక్టులు 2015లో, సమాన మ్యాచ్ ఫీజు ప్రకటన 2022లో వచ్చాయి. డబ్బున్న సంస్థలో చేరగానే ఆ డబ్బు మహిళల దాకా వస్తుందన్న హామీ లేదు.

వ్యాయామశాల వీడియో, టీవీ విలువ

2021 మార్చిలో శాన్ ఆంటోనియోలో ఎన్‌సీఏఏ మహిళల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు జరుగుతుండగా ఓరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఒక వీడియో పెట్టారు. పురుషులకు హాలు నిండా వ్యాయామ పరికరాలు, మహిళలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు. ఆ రచ్చ తరువాత ఎన్‌సీఏఏ నియమించిన న్యాయ సంస్థ ఇచ్చిన నివేదిక అసలు లోపాన్ని బయటపెట్టింది. మహిళల బాస్కెట్‌బాల్ ప్రసార హక్కులను విడిగా అమ్మకుండా, ఇతర పోటీలతో కలిపి కట్టగా చౌకగా ఇచ్చేశారు. ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అన్న పేరు కూడా అప్పటిదాకా పురుషుల టోర్నమెంటుకే.

2024 ఫైనల్లో దక్షిణ కరోలినా, అయోవా మ్యాచ్‌ను సగటున 1.8 కోట్లకు పైగా ప్రేక్షకులు చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్‌ను చూసినవారు 1.5 కోట్ల లోపే. టోర్నమెంటులో గెలుపులను బట్టి జట్ల తరఫున డబ్బు పంచే పద్ధతి పురుషులకు 1991 నుంచి ఉంది. మహిళలకు అది 2025లో మొదలైంది. మహిళల ఆటకు గిరాకీ లేదని దశాబ్దాలుగా చెప్పినవారే దాన్ని అమ్మే బాధ్యత కూడా చూసేవారన్న సంగతి మరిచిపోకూడదు.

2.05 కోట్ల డాలర్లలో ఎవరికెంత

ఇక ఇప్పటి వివాదం. చాలా పెద్ద విశ్వవిద్యాలయాలు అనుసరిస్తున్నట్టు వార్తల్లో వచ్చిన సూత్రం ఇది: ఫుట్‌బాల్‌కు 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15, మహిళల బాస్కెట్‌బాల్‌కు 5, మిగతా అన్ని ఆటలకూ కలిపి 5. లెక్క వేస్తే ఫుట్‌బాల్‌కు సుమారు 1.54 కోట్ల డాలర్లు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 31 లక్షలు, మహిళల బాస్కెట్‌బాల్‌కు 10 లక్షలు. మిగతా 10 లక్షలు సాకర్, వాలీబాల్, ఈత వంటి ఆటల అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ పంచుకోవాలి.

చట్టపరంగా ఇది చెల్లుతుందా అన్నది ఆ డబ్బును ఏమని పిలుస్తామన్న దాని మీద ఆధారపడుతుంది. క్రీడా స్కాలర్‌షిప్‌ల వంటి ఆర్థిక సాయం అయితే టైటిల్ నైన్ ప్రకారం క్రీడాకారుల నిష్పత్తిలో పంచాలి. 500 మందిలో 200 మంది అమ్మాయిలైతే దాదాపు 40 శాతం, అంటే 82 లక్షల డాలర్లు వాళ్లకు చేరాలి. అదే ఆ డబ్బు ఆటగాడి పేరు, రూపం వాడుకున్నందుకు ఇచ్చే వ్యాపార చెల్లింపు అయితే, మార్కెట్ ఎంతంటే అంత అనవచ్చు. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వ విద్యాశాఖ మొదటి అర్థాన్ని చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది. ఆదాయం తెచ్చినవారికే ఎక్కువ వాటా న్యాయమన్నది ఒక పక్షం మాట. ఆ ఆదాయంలో తేడా, చాలావరకు దశాబ్దాల పాటు పెట్టుబడి ఒకవైపే పెట్టడం వల్ల వచ్చిందన్నది రెండో పక్షం మాట. చేతిలో ఉన్న ఆధారాలను చూస్తే నాకు రెండోదే బలంగా కనిపిస్తోంది.

పాత క్రీడాకారులకు పదేళ్లలో చెల్లించాల్సిన 280 కోట్ల డాలర్ల పరిహారంలోనూ అధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది. ఒప్పందం ఆమోదం పొందిన కొద్ది రోజులకే కొందరు మహిళా క్రీడాకారులు ఈ పంపకం టైటిల్ నైన్‌కు విరుద్ధమంటూ తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టుకు వెళ్లారు. ఆ అప్పీలుతో పరిహారం చెల్లింపులు నిలిచాయి. ఇది గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నడిచిన కేసు, ఇందులోకి టైటిల్ నైన్ రాదన్నది కింది కోర్టు అభిప్రాయం.